‘సుత’ అన్న మాట కాడ

చెల్లే, మా వంటింట్ల ఒక స్టీలు గంటె ఉన్నది. మెడ కాడ వంగి ఉంటది. పప్పు పోస్తుంటే కొంచెం పక్కకు పోతది. చుట్టాలు చూసి "గిదేందమ్మా, కొత్తది కొనుక్కోరాదు" అంటరు. నేను నవ్వి ఊకుంట. అది ఎట్ల వంగిందో ఇన్నొద్దులు చుట్టాలల్ల ఎవ్వలకు చెప్పలే. మొన్న ఫోన్ల నువ్వు "అక్కా, ఈ నడుమ ఉత్తపున్యానికే కోపమొస్తున్నది, పిల్లల మీద చెయ్యి లేస్తున్నది, నాకేమన్న అయిందా" అని ఏడిస్తివి గదా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. చెప్పుడే మంచిదనిపించింది.

ఆ ఏడు మే నెల. ఎండకాలం సెలవులల్ల ప్రైవేటు బడి టీచర్లు ఏం చేస్తరో బయటోళ్లకు తెల్వది. సెలవులు పిల్లలకే. మేము కరపత్రాలు పట్టుకొని ఇల్లిల్లు తిరగాలె, "మీ బాబును మా బడిల వెయ్యిండ్రి" అని బతిమాలాలె, మనిషికి ఇన్ని అడ్మిషన్లని లెక్క పెడ్తరు. మన పెద్దపల్లి ఎండ నీకు ఎరుకే. టీవీల రామగుండం పేరు ఎక్కువ వినొచ్చేదే డిగ్రీల లెక్కకు. ఆ దినం మధ్యాహ్నం దాక తిరిగి బడికి పోతే, లెక్క తక్కువైందని అందరి ముంగట నిలబెట్టి మాట్లాడిండు మా కరస్పాండెంటు. ఏప్రిల్ జీతం గురించి అడుగుదామనుకున్నదాన్ని నోరు మూసుకొని బయటకొచ్చిన. ఇంట్ల కాలు పెట్టంగనే అత్తమ్మ "ఇంత పొద్దు వోయిందేంది, చాయ్ పెట్టలేదు ఎవ్వలు" అన్నది. కరెంటు లేదు. మా ఆయనది గోదావరిఖని దిక్కు షిఫ్టుల డ్యూటీ, ఆ వారం మాపటి షిఫ్టు. ఫోన్ చేస్తే ఎత్తలే.

పప్పుచారు పొయ్యి మీద పెట్టి, బిందెలు నింపరా అని పోరనితోని అన్న. వాడు ఫోన్ల ఆట ఆడుకుంట "ఆగు" అన్నడు. మళ్ల చెప్పిన. "ఆగు". మూడోసారి తల ఎత్తకుంటనే "ఆగూ… అంటున్న గదా" అన్నడు.

చేతుల గంటె ఉన్నది. తర్వాత లేదు. ఆ నడుమ ఏమైందో నాకు ఇప్పటికి సుత సక్కగ యాదికి రాదు. వాని చెవి మీదికెల్లి జానెడు దూరంల దర్వాజ చెక్కకు తాకి, వంగి, ఖంగుమని కింద పడ్డది. గోడ మీద పప్పుచారు మరకలు. నేను అట్లనే నిలబడ్డ. పోరడు ఏడ్వలే. ఫోన్ పక్కకు పెట్టిండు. గంటె తీసుకున్నడు. మన్నంటిందని సింకు కాడ కడిగిండు. పొయ్యి పక్కకు, నేను ఎప్పుడు పెట్టే జాగలనే, పెట్టి బిందె ఎత్తుకొని నల్లా కాడికి పోయిండు. పదకొండేండ్లు వానికి.

వాడు ఏడిస్తే దగ్గరికి తీసుకుందును, ఇద్దరం ఏడ్చి పండుకుందుము, తెల్లారి ఎవలకూ యాదుండకపోవు. వాడు గంటె కడుగుడు చూసినంక నాకు కాళ్లల్ల సత్తువ పోయింది. ఇంతకు ముందు సుత ఇట్లాంటిది అయ్యుంటదని, అయినప్పుడు ఏం చెయ్యాల్నో వాడు నేర్చుకున్నడని అప్పుడు అర్థమైంది.

సుందరకాండ చదివే ఇల్లు మనది. అవ్వ చదువుతుంటే విన్నం గదా. లంకంత అంటుపెట్టినంక హనుమంతుడు తోక సముద్రంల ఆర్పుకొని, వెనుకకు తిరిగి చూసి, ఒక్కసారి గుండె జారిపోయి, "అయ్యో, సీతమ్మ సుత కాలిపోయిందేమో" అని తనను తాను తిట్టుకుంటడు. కోపంల ఎంత పని చేస్తిని, వచ్చిన పనే చెడగొట్టుకుంటినా అని ఏడుస్తడు. అంతటి హనుమంతుడు. ఆయనకు ఆకాశంల చారణులు మాట్లాడుకునుడు వినబడ్డది, సీతమ్మకు ఏం కాలేదని. నాకు అట్ల చెప్పేటోళ్లెవలు లేకుండె. నల్లా కాడ బిందె నిండే చప్పుడు తప్ప.

ఈ ముచ్చట నా సోపతి నర్సమ్మకు చెప్పిన. ఆమె "కౌన్సెలింగ్‌కు పో" అన్నది. నాకు రోషమొచ్చింది. "నేనేమన్న ఎర్రగడ్డ కేసునా?" అన్న. హైదరాబాద్‌ల ఒక దవాఖాన ఉన్న ఊరి పేరు మన దిక్కు తిట్టు అయి కూసున్నది, చూడు. కాలు విరిగితే కట్టు కట్టే దవాఖాన పేరు తిట్టు కాలేదు, మనసు విరిగితే చూసే దవాఖాన పేరే అయింది. నర్సమ్మ గట్టిది. "బీపీ చూపిచ్చుకుంటవా లేదా? ఇదీ గంతే" అన్నది.

ఇంట్ల కండ్లద్దాలకని అబద్ధమాడి కరీంనగర్ బస్సెక్కిన. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీల ఆడోళ్లకు టికెటు లేకపాయె, ఆధార్ కార్డు చూపిచ్చి జీరో టికెటు తీసుకునుడే. అందుకని చార్జీల లెక్క ఇంట్ల చెప్పే పని పడలే. ఆ బస్సు నాకు చేసిన మేలుల ఇది సుత ఒకటి, సర్కారోళ్లకు తెల్వకపోవచ్చు. సుల్తానాబాద్ దాటినంక దిగిపోదామా అనిపించింది. దిగలే. కౌన్సెలింగ్ కాడ బయట కుర్చీలల్ల మన దిక్కు మొఖమొకటి కనపడ్డది. ఇద్దరం కొంగు, దస్తీ సదురుకున్నం, ఇద్దరం చూడనట్టే ఉన్నం.

సినిమాలల్ల చూపిచ్చినట్టు సోఫా మీద పండబెట్టి గడియారం ఊపుడు ఏం లేదు. ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్యాను, బల్ల. కౌన్సెలింగ్ మేడం నాకన్న చిన్నది, నీ వయసుంటది. నేను పోయింది "కోపం తగ్గే గోలీ" రాస్తరేమోనని. కోపానికని విడిగ గోలీ లేదని మొదట్లనే చెప్పింది. నిద్ర పడ్తదా, నెలసరి ఎట్లున్నది, థైరాయిడ్ చూపిచ్చుకున్నవా, ఊకె ఏడుపొస్తదా, బతుకొద్దనిపిస్తదా, ఇంట్ల ఎవలన్న తాగుతరా, అన్ని అడిగింది. లోపల దిగులుంటే అది ఒక్కోసారి పైకి కోపమై కనపడ్తదట, మొగోళ్లల్ల మరీను. అట్లాంటిది ఉంటే సైకియాట్రిస్టు మందులు ఇస్తరు. నాకు ఆ అవసరం పడలే. రక్త పరీక్ష మాత్రం చేపిచ్చింది.

"కోపం ఎప్పుడెప్పుడు వస్తది?" అని అడిగింది.

"ఎప్పుడంటె అప్పుడు, ఎవల మీదంటె వాళ్ల మీద" అన్న.

ఒక నోటుబుక్కు పెట్టుమన్నది. కిరాణం ఖాతా తీరు. ఏ వారం, ఏ గంట, ఎవలు, ముందు ఏమైంది, పెయ్యి ఏం చేసింది, మనసుల ఏ మాట తిరిగింది, సున్న నుంచి పది దాక ఎంత. టీచరునే గదా, రాసుడు నాకు కష్టమా? మస్తు కష్టమైంది. మొదటి నాలుగు దినాలు "పోరడు సతాయించిండు, కోపమొచ్చింది" అనే రాసిన. అట్ల రాస్తే మా పిల్లలకు నేను సున్న వేస్త.

రెండు వారాలల్ల పదకొండు సార్లు రాసిన. ఆమె నోటుబుక్కు తిరగేసి, పెన్సిల్ నా చేతికిచ్చి, గంటల కింద గీతలు కొట్టుమన్నది. పదకొండుల తొమ్మిది సాయంత్రం ఐదింటికి, ఏడింటికి నడుమ. తొమ్మిదింటిల ఏడు ఖాళీ కడుపు మీద. తర్వాత మనుషుల పేర్ల కింద కొట్టుమన్నది. పెద్దోడు, చిన్నది, పెద్దోడు, పెద్దోడు, బట్టలుతికే ఆమె ఒకసారి, మళ్ల పెద్దోడు.

"మీ కరస్పాండెంటు మీద ఎప్పుడన్న ఏమన్న విసిరిన్రా అక్కా?"

నవ్వొచ్చింది. "ఆయన మీదనా?"

"అత్తమ్మ మీద?"

"రాం రాం!"

"మరి వాళ్ల ముంగట చెయ్యి ఎవలు ఆపుతున్నరు?"

చెల్లే, నేను ఇన్నేండ్లు "కోపమొస్తే నాకు ఒళ్లు తెల్వది" అని అందరికి చెప్పుకున్నదాన్ని. ఒళ్లు తెలుస్తనే ఉన్నది. బ్రేకు ఉన్నది. కరస్పాండెంటు ముంగట పడ్తున్నది, అత్తమ్మ ముంగట పడ్తున్నది. పదకొండేండ్ల పోరని కాడికి వచ్చేసరికే ఫెయిలైతున్నది. అత్త మీద కోపం దుత్త మీద చూపుడని మనోళ్లు ఎన్నడో అన్నరు. ఆ దినం దాక అది అత్తల మీద జోకనుకున్న. అండ్ల దుత్త సంగతి నాకు పట్టలే. దుత్త పలిగిపోతది గదా.

సిగ్గుతోని తల దించుకున్న. ఆమె సిగ్గుపెట్టుడానికి అడగలే. "బ్రేకు లేదంటె నేను చేసేదేం లేకుండె. ఉన్నది, అంటె నేర్చుకోవచ్చు" అన్నది.

తర్వాత వారం "ఆగు" ముచ్చట పట్టుకున్నది. పోరడు "ఆగు" అనుడు ఒకటి, గంటె లేచుడు ఒకటి. నడుమ ఏమనుకున్నరు అని. ఏమనుకోలే, కోపమొచ్చింది, గంతే అన్న. కండ్లు మూసుకొని మెల్లగ మళ్ల చూడుమన్నది. పప్పుచారు వాసన, చీకటి, వాని తల, ఫోన్ వెలుతురు. అప్పుడు నోట్లకెల్లి వచ్చింది: "వీనికి సుత నేనంటె లెక్కలేదు."

ఆమె పెన్ను ఆపింది. "సుతనా? వీనికి సుత అంటె, ఇంకా ఎవలెవలకు లెక్కలేదు?"

గా ‘సుత’ కాడనే నేను కూలిపోయిన. ఒక్క చిన్న మాట, మన దిక్కోళ్లం దినానికి వంద సార్లు అంటం. అండ్ల కరస్పాండెంటు ఉన్నడు, ఏప్రిల్ జీతం ఉన్నది, చాయ్ ఉన్నది, ఎత్తని ఫోన్ ఉన్నది, పెండ్లయిన కాడికెల్లి లెక్కకు రాని మస్తు సంగతులున్నయి. అన్నిటి బరువు కలిపి పోరని నెత్తి మీద పెట్టిన. వాడు పాపం ఆటల ఉన్నడు. ఆ ఆటను నడుమల ఆపరాదట, ఓడిపోతరట. వాని "ఆగు"కు అర్థం గంతే.

నాకు తర్వాత తెలిసింది, ఇది ఆమె సొంత తెలివి ఒక్కటే కాదు, దీని వెనుక పెద్ద చదువు ఉన్నదని. అమెరికాల ఆరన్ బెక్ అనే డాక్టరు 1960లల్ల దిగులుతోని వచ్చినోళ్లను చూసుకుంట ఒకటి పట్టుకున్నడు: ఏదన్న అయినప్పుడు మనకు తెల్వకుంటనే మనసుల ఒక మాట చప్పున తిరిగిపోతది, మన బాధ ఆ మాట వెంట వస్తది. కోపానికి సుత గంతే. 1975ల రేమండ్ నొవాకో అనే ఆయన కోపం మీదనే ఒక పద్ధతి తయారు చేసిండు. కోపం తెప్పిచ్చే సంగతికి ముందు, అప్పుడు, తర్వాత, మూడు కాడల మనసుతోని ఏం చెప్పుకోవాల్నో, పెయ్యిని ఎట్ల సల్లబరచాల్నో నేర్పుడు. టీకా తీరు. కొంచెం కొంచెం కోపం ఎక్కిచ్చి, దాన్ని తట్టుకునుడు అలవాటు చేస్తరు.

నాకు ఆ టీకా ఎట్ల ఏసిందో చెప్తె నవ్వుతవు. ఆమె మా అత్తమ్మ వేషం కట్టింది! కుర్చీల కాళ్లు ముడుచుకొని కూసొని, "ఇంత పొద్దు వోయిందేంది?" అన్నది. అత్తమ్మ గొంతు నేనే నేర్పిచ్చిన, "అంత మెత్తగ కాదు మేడం, జర గీరగ" అని. మొదటిసారి నేను నిజంగనే గరమైన. నాలుగోసారికి నవ్వొచ్చింది. ఆరోసారికి మాట వచ్చింది: "అత్తమ్మా, నేను రాంగనే పది నిమిషాలు కూసుంట. తర్వాత చాయ్ పెడ్త."

ఇంట్ల అదే మాట అన్న. అత్తమ్మ మూడు దినాలు మాట్లాడలే. ఇప్పటికి సుత మొఖం ముడుస్తది. అయినా కూసుంట.

ఇది పనిచేస్తదా, ఉత్త ముచ్చట్లేనా అని నీకు అనుమానముంటది, నువ్వు లెక్కల మనిషివి. 1998ల రిచర్డ్ బెక్, ఎఫ్రెమ్ ఫెర్నాండెజ్ అనేటోళ్లు (ఈ బెక్, ఆ బెక్ ఒకరు గాదు) 50 పరిశోధనలు, 1,640 మంది లెక్కలు ఒక్క కాడ కూడబెట్టి చూసిన్రు. ఈ పద్ధతిల నేర్చుకున్న సగటు మనిషి, నేర్చుకోనోళ్లు వంద మందిల 76 మంది కన్న మెరుగ్గ ఉన్నడని తేలింది. వందకు వంద కాదు. డెబ్బై ఆరు. మా బడిల అయితె డిస్టింక్షనే.

ఇంకొకటి నాకు మస్తు అక్కరకొచ్చింది. మనమంత ఏమనుకుంటం? కోపం కక్కేస్తె కడుపు సల్లబడ్తదని. దిండు గుద్దు, తలుపు ధడేలున వెయ్యి, బయటకు పోయి ఉరుకు అని చెప్తరు. 2024ల అమెరికాల ఒహాయో స్టేట్ యూనివర్సిటీ దిక్కు పని చేసిన కియర్విక్, బుష్‌మన్ అనేటోళ్లు 154 పరిశోధనలు, పది వేల మందికి పైన లెక్కలు చూసిన్రు. కక్కుడుతోని కోపం తగ్గుతలేదని తేలింది. ఉరికితె పెరిగినా పెరుగుతదట. తగ్గిచ్చేది పెయ్యిని సల్లబరిచే పని: మెల్లగ ఊపిరి, ధ్యానం, యోగా, కండరాలు ఒక్కొక్కటి వదులు చేసుకునుడు. పాలు పొంగుతుంటె మనం మీదికెల్లి ఊదుతం. ఊదినంత సేపే ఆగుతయి. మంట తగ్గియ్యాలె గదా.

మంట తగ్గియ్యాల్నంటె మంట ఎక్కుతున్నట్టు ముందే తెల్వాలె. నాకు కుడి చెవి వేడెక్కుతది. తర్వాత దవడలు బిగుసుకుంటయి. తర్వాత చేతుల ఉన్నదాన్ని గట్టిగ పట్టుకుంట. ఇదంత నోటుబుక్కు పెట్టినంకనే తెలిసింది, నలభై ఏండ్ల పెయ్యి నాది, నాకే కొత్త. కోపం పదికి తొమ్మిది కాడ ఆగుడు ఎవలతోని కాదు. నాలుగు కాడ ఆగొచ్చు. చెవి వేడెక్కంగనే పొయ్యి కాడికెల్లి వాకిట్లకు పోత. ఊపిరి తీసుకున్న దాని కన్న వదిలేది పొడుగు చేస్త, పది సార్లు. ఇంకొకటి, బడి నుంచి రాంగ ఆటోలనే ఇన్ని అటుకులో, గుడాలో నోట్లె వేసుకుంట. కౌన్సెలింగ్ అంటె ఏవో పెద్ద మాటలనుకున్న, చివరికి నా కోపంల సగం ఆకలే అని తేలింది. తక్కువ పనా ఇది?

ఈ కోపం మన పెయ్యిని ఏం చేస్తదో ఒకటి చెప్పి ముందుకు పోత. అదే 2024ల కొలంబియా యూనివర్సిటీ డాక్టర్లు 280 మంది మంచిగున్నోళ్లను కూసోబెట్టి, అండ్ల కొందరిని కోపం తెప్పిచ్చిన పాత సంగతి ఎనిమిది నిమిషాలు యాది చేసుకోమన్నరు. యాది చేసుకునుడే, లొల్లి సుత లేదు. వాళ్ల రక్తనాళాలు సక్కగ విచ్చుకునే గుణం నలభై నిమిషాల దాక తగ్గిందట. బతుకంత పాత లొల్లులు నెమరేసుకునేటోళ్ల సంగతి నువ్వే లెక్క కట్టు.

పోరనికి సారీ చెప్పుడు మేడం ఆఖరుకు పెట్టింది. "గని" అనే మాట రావద్దన్నది. "కొట్టిన, గని నువ్వు ఇన్లే" అంటె అది సారీ కాదట, ఇంకో దెబ్బట. "ఇంకెన్నడు కోపం రాదు" అని ఒట్టు వేయొద్దన్నది, అది నా చేతులది కాదు గనుక. ఏం చేస్తనో అదే చెప్పుమన్నది. ఒకనాడు మాపటికి వాని పక్కకు కూసొని చెప్పిన. "గంటె విసురుడు నాది తప్పు. మళ్ల కోపమొస్తది. వస్తె వాకిట్లకు పోత." వాడు జరసేపు గోర్లు చూసుకున్నడు. "ఆ రోజు నీకు జీతం ఇయ్యలేదా?" అన్నడు. వానికి ఎరుకే. అన్ని ఎరుకే.

అయిపోయిందా అంటె కాలే. ఆ తర్వాత రెండుసార్లు గట్టిగ ఒర్రిన. విసర్లే, కొట్టలే. ఇప్పుడు నాకు గొంతు లేస్తె చాలు, పోరడు "అమ్మా, వాకిట్లకు పో" అంటడు. హోంవర్క్ అడిగినా సుత గదే అంటడు, బద్మాష్.

కరస్పాండెంటు ముచ్చట సుత చెప్పాలె. కోపం తగ్గిచ్చుకునుడంటె నోరు మూసుకునుడని అనుకోకు. పేదవాని కోపం పెదవికి చేటు అన్నరు, మనమేమో పెదవులు కొరుక్కొని ఇంటికొచ్చి పిల్లల మీద తీర్చుకుంటం. నా కోపంల న్యాయముండె. జీతం నాది. మేడంతోని నాలుగు సార్లు ఆ మాటలు అనిపిచ్చుకొని, జూన్‌ల బడి తెరిచినంక పోయి, గొంతు లేపకుంట, ఇన్ని దినాల జీతం, ఇన్ని రూపాయలు, ఏ తారీకుకు ఇస్తరు అని కాగితం మీద రాసిచ్చి అడిగిన. సగం ఇచ్చిండు. మిగిలింది అడుగుతనే ఉన్న. బడి మారే ఆలోచనల ఉన్న.

ఇగ నువ్వు అడగనిది ఒకటి. నీ ఫోన్ల ఏడుపుల నడుమ "ఆయనకు సుత కోపమెక్కువే అక్కా" అని ఒక ముక్క వచ్చిపోయింది. నేను విన్న.

మేడం నన్ను అడిగిన ప్రశ్ననే నిన్ను నువ్వు అడుగు. ఆయన ఎన్నడన్న వాళ్ల సూపర్‌వైజరు మీద చెయ్యి లేపిండా? షావుకారు మీద? లేపకపోతె, ఇంటికి వచ్చి తలుపు వేసినంకనే లేస్తె, బ్రేకు ఎక్కడ వెయ్యాల్నో ఆయనకు బాగనే తెలుసు. దానికి కోపమని పేరు పెట్టి "ఆయన గుణమే గంత" అని సర్దుకోకు. 2019–21ల చేసిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల, మన తెలంగాణల పెండ్లయిన ఆడోళ్లు 18 నుంచి 49 ఏండ్ల వాళ్లల్ల వందకు దాదాపు 37 మంది మొగని చేతిల హింస పడ్డమన్నరు. అదే సర్వేల, ఏదో ఒక కారణానికి మొగడు కొడితె తప్పులేదన్న ఆడోళ్లు మన రాష్ట్రంల వందకు 84 మంది దాక. చారుల ఉప్పెక్కువైతె, చెప్పకుంట బయటకు పోతె, అత్తమామలకు మర్యాద ఇయ్యకుంటె… గీ లెక్క చదివినప్పుడు నాకు కుడి చెవి కాదు, రెండు చెవులు వేడెక్కినయి. ఇగ దీనికి వాకిట్లకు పోయేది లేదు. ఇది ఉండాల్సిన కోపం.

కొట్టే మనిషితోని జంటగ కౌన్సెలింగ్‌కు పోకు, ముందు నీకు, పిల్లలకు గండం లేకుంట చూసుకో. అక్కడ నువ్వు చెప్పిన మాటకు ఇంటికొచ్చినంక దెబ్బ పడొచ్చు. ఆడోళ్ల హెల్ప్‌లైన్ 181కు చెయ్యి, దినం రాత్రి ఎత్తుతరు. ఆపదల ఉన్న ఆడోళ్లకు జిల్లాల సఖి కేంద్రం ఉన్నది. 2005 గృహహింస చట్టం ఉన్నది, అది ఇంట్లకెల్లి నిన్ను బయటకు పంపుడానికి కాదు, నీ ఇంట్ల నిన్ను ఉండనిచ్చేటందుకు సుత. ఆయన నిజంగ మారాల్నంటె ఆయన ఒక్కడే పోయి నేర్చుకోవాలె. తాగుడుంటె ముందు దాన్ని పట్టాలె. షిఫ్టులు, నిద్రలు లేకపోవుడు, అన్ని నిజమే, మా ఇంట్ల సుత ఉన్నయి. నిద్రలేని మనిషి కసురుకుంటడు, అది వేరు. కసురుడు వేరు, కొట్టుడు వేరు.

నన్ను నేను సుత ఇండ్లనే కలుపుకుంటున్న చెల్లే, తప్పిచ్చుకుంటలేను. పోరని కాడ నేను చేసింది సుత గదే పని.

ఎక్కడికి పోవాలె అంటవు. కేంద్ర సర్కారు 2022 అక్టోబర్ 10న మనసు బాధలకు ఫోన్ల సలహా చెప్పే టెలీ మానస్ పెట్టింది. నంబరు 14416. పైస పడది, ఇరవై నాలుగు గంటలు ఉంటది, తెలుగుల మాట్లాడ్తరు. కోపానికి చేసినా సుత ఇంటరు, "పిచ్చి ఉన్నోళ్లకే" అనరు. అక్కర పడితె దగ్గర దవాఖానకు పంపుతరు. రామగుండంల 2022 నవంబర్‌ల సర్కారు మెడికల్ కాలేజీ వచ్చింది, మెడికల్ కాలేజీ దవాఖాన అన్నప్పుడు మానసిక విభాగం ఉండాల్సిందే, గోదావరిఖనిల పోయి అడుగు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం సర్కారు దవాఖానల ఈ వైద్యం అడుగుడు నీ హక్కు. ప్రైవేటుకు పోతె జర చూసుకో. ఈ నడుమ గల్లీకో కౌన్సెలింగ్ బోర్డు లేచింది. క్లినికల్ సైకాలజిస్టునంటె ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్నదా అని అడుగు. అడిగితె మొఖం మాడ్చుకునేటోళ్ల కాడికి మళ్ల పోకు.

నాకు ఎనిమిది సార్లు పట్టింది. మూడోసారికి ఇంట్ల నిజం చెప్పిన. అత్తమ్మ "మరి కండ్లద్దాలేవి?" అన్నది, గంతే.

నువ్వు నోటుబుక్కు ఈ రాత్రే మొదలుపెట్టు, పిల్లల పాత రఫ్ బుక్కుల ఖాళీ కాగితాలుంటయి. నంబరు ఫోన్ల దాచుకునుడు నీకు ఇబ్బందైతె వంటింట్ల గోడ క్యాలెండరు మీద, పాల లెక్క రాస్తవు గదా, దాని పక్కకు చిన్నగ రాసుకో: 14416. దాని కింద 181. ఎవలన్న అడిగితె పాలోని నంబర్లని చెప్పు.